అక్కడ మాత్రమే చెల్లును



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో మీకందరికీ తెలుసు. అయినా ఆహ్వానపత్రికలో ఆయన పేరు లేదు. అది అచ్చుతప్పు కాదు. ఈ ఉపన్యాసానికి నిధిని ఏర్పాటు చేసిన కుటుంబం రాసుకున్న కాగితంలో మొదటి షరతే అది. పేరు వాడకూడదు, మాస్టారు అంటే చాలు. ఆయనకు పేరు మీద సభలు గిట్టవు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. సాయంత్రమైతే వరండాలో చాప వేసుకుని పాత నాణేలు, పాత నోట్లు ముందేసుకుని కూర్చునేవారు. మేం పిల్లలం చాటుగా ఆయన్ని ‘చెల్లని నోట్ల మాస్టారు’ అనేవాళ్లం. ఆయనకది తెలుసు. ఒకరోజు క్లాసులోనే, “చెల్లే నోట్లు మీ నాన్నల దగ్గరున్నాయిరా, అవి నాకెవరూ చూపించరు” అని నవ్వేశారు.

నేను ఆయన శిష్యుణ్ణి. బ్యాంకులో క్యాషు కౌంటరు దగ్గర చాలా ఏళ్లు కూర్చుని రిటైరయ్యాను. జీవితమంతా చెల్లే నోట్లు లెక్కపెట్టినవాణ్ణి పిలిచి చెల్లని నోట్ల మీద మాట్లాడమన్నారు. నాకిచ్చిన విషయం సంధికాలపు నోట్ల సేకరణ. ఒక దేశానికి కొత్తగా స్వాతంత్ర్యం వస్తుంది. పాత దొర వెళ్లిపోతాడు. కొత్త ప్రభుత్వం నోటు ఇంకా అచ్చుకాదు. ఆ నడిమి రోజుల్లో చేతులు మారిన కాగితాలే ఈ సంధికాలపు నోట్లు. చెప్పవలసింది ఒకటే మాట. దాన్ని ఆరు మెట్లలో చెబుతాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భయపడకండి, మన రామతీర్థం బోడికొండ ఎక్కించను.

1. ఒక ముసలమ్మ ప్రశ్న

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో సెలవులకు వచ్చి, ఒక సాయంత్రం మాస్టారి వరండాలో కూర్చుని ఉన్నాను. పక్క ఊరి నుంచి ఒక ముసలమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నోటొకటి తీసి చాప మీద పెట్టింది. భర్త పోయాక ఆయన ట్రంకు పెట్టె అడుగున దొరికిందట. పట్నంలో ఒక బ్యాంకుకు తీసుకెళితే చెల్లదని పంపేశారట. ఆ కౌంటరు వెనక నేనుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.

మాస్టారు తడిచేయి తుడుచుకుని నోటును మెల్లగా విప్పారు. మడతల దగ్గర దారప్పోగులా చిరిగింది. ఓ మూల గుండుసూది గుచ్చిన రంధ్రాలు. పది రూపాయల నోటు, రిజర్వు బ్యాంకుదే. ఆరో జార్జి రాజు బొమ్మ, మన గవర్నరు సంతకం, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ అచ్చు మీద మళ్లీ ఇంకో అచ్చు ఉంది, ఇంగ్లీషులో. బర్మా సైనిక పాలన అని, బర్మాలో మాత్రమే చెల్లును అని.

మాస్టారు నోటు వెనక్కి తిప్పి కుర్రాడితో, “ఇక్కడేం రాసుందో చదువు” అన్నారు. వెనకవైపు వరుసగా ఎనిమిది లిపులు. వాడు వేలు పెట్టి వెతుక్కుని, “పది రూపాయలు” అని చదివాడు. ముసలమ్మ మొహం ఒక్కసారి వెలిగింది. “మన అచ్చరాలే ఉన్నాయి కదేటి బాబూ! మరి మనూర్ల సెల్దేటి?” అంది.

మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. నా వైపు చూశారు, బ్యాంకువాడివి కదా నువ్వు చెప్పు అన్నట్టు. నేను తల దించుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే ఈవేళ్టి ఉపన్యాసం.

2. కొండ మీది పాత అచ్చులు

జవాబుకు ముందు ఒకసారి తలలెత్తి బయటికి చూడండి. రామతీర్థం అంటే మనకు రాముడు. కానీ గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారపు ఇటుక కట్టడాలున్నాయి. దుర్గకొండ గుహల దగ్గర జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. తూర్పు చాళుక్య విమలాదిత్యుడి గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ కొండకు వచ్చి నమస్కరించాడని అక్కడి శాసనం చెబుతుంది. పదకొండో శతాబ్దం మొదటి రోజుల మాట అది, రాసింది కన్నడంలో. ఆ తరవాత రాముడి గుడి. ఆ రాముడి గుడి దగ్గరే శివరాత్రికి జాతర. ఒక కాలం అచ్చు మీద ఇంకో కాలం అచ్చు పడింది. కిందిది చెరిగిపోలేదు, మీదిది నిలిచింది.

నోట్లు సేకరించేవాళ్లు దీన్నే ఓవర్‌ప్రింట్ అంటారు. పాత నోటును పారేయకుండా దాని మీదే కొత్త పేరు కొట్టడం. ఎందుకు కొట్టాలి? కొత్త నోటు కావాలంటే బొమ్మ గీయించాలి, పలక చెక్కించాలి, నీటిగుర్తు ఉన్న ప్రత్యేక కాగితం చేయించాలి. జెండా అర్ధరాత్రి మారుతుంది కానీ తెల్లారితే సంతలో వంకాయలు కొనాలి కదా! అందుకని చేతిలో ఉన్న కాగితమే ముద్ర వేయించుకుని పనిలోకి దిగుతుంది.

ఇది మన దగ్గరి ముచ్చటే కాదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక పుట్టిన చెకోస్లొవాకియా, 1919లో ఆస్ట్రియా-హంగరీ నోట్ల మీద చిన్న స్టాంపులు అంటించి తన నోట్లనిపించుకుంది. 1993లో ఆ దేశం రెండుగా విడిపోతే, చెక్కులు, స్లొవాకులు మళ్లీ అదే పని చేశారు. పాత ఉమ్మడి నోట్ల మీద ఎవరి స్టాంపు వాళ్లు అంటించుకున్నారు. పుట్టినప్పుడూ స్టాంపే, విడిపోయినప్పుడూ స్టాంపే.

3. ఒక బ్యాంకు, మూడు దేశాలు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పుట్టింది. సరిగ్గా రెండేళ్లకు, 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి వేరుపడింది. పాలన వేరైంది, బ్యాంకు మాత్రం ఒకటే. రంగూన్‌లో కూడా రిజర్వు బ్యాంకే నోట్లు ఇచ్చేది. మొదట అయిదో జార్జి బొమ్మ ఉన్న నోట్ల మీద ‘బర్మాలో మాత్రమే’ అని ముద్ర కొట్టారు. 1938లో బర్మాకు వేరే నోట్లు వచ్చాయి. 1942లో జపాను సైన్యం వచ్చింది. 1945లో తెల్లవాళ్లు తిరిగి వచ్చాక ముసలమ్మ దగ్గర చూసిన సైనిక పాలన ముద్ర వచ్చింది. 1947లో నోట్లు ఇచ్చే పని బర్మా కరెన్సీ బోర్డు చేతికి వెళ్లింది. ముద్రలో పేరు మారింది, ‘బర్మాలో మాత్రమే’ అన్న మాట మారలేదు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. 1952లో రూపాయి పోయి చాట్ వచ్చింది. పదిహేనేళ్లలో ఒక్క రూపాయి ఎన్ని చొక్కాలు మార్చిందో చూడండి!

పాకిస్తాన్ సంగతి ఇంకా చిత్రం. దేశం 1947 ఆగస్టులో విడిపోయినా, 1948 జూన్ 30 దాకా రెండు దేశాలకూ రిజర్వు బ్యాంకే పెద్దదిక్కు. 1948 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్‌లో చెల్లిన నోట్లు మన నాసిక్ ప్రెస్సులో అచ్చయినవే. అవే మన నోట్లు, అదే జార్జి రాజు. నీటిగుర్తు ఉండే తెల్లని ఖాళీ జాగాలో ఇంగ్లీషులో పాకిస్తాన్ ప్రభుత్వం అని, ఉర్దూలో హుకూమతె పాకిస్తాన్ అని అక్షరాలు చేర్చారు. అప్పటికి కాశ్మీరులో యుద్ధం నడుస్తోంది. పాకిస్తాన్‌కు రావలసిన 55 కోట్ల రూపాయల గురించి గొడవ జరిగి, గాంధీజీ నిరాహారదీక్ష రోజుల్లో అది తేలి ఎన్నాళ్లో కాలేదు. ఆ మంటల మధ్య నాసిక్‌లో యంత్రం పక్క దేశానికి నోట్లు అచ్చేస్తూనే ఉంది. ఆ నోట్లలో పది రూపాయలది వెనక్కి తిప్పితే అక్కడా మన తెలుగు ఉంది. కరాచీ బజార్లో ‘పది రూపాయలు’ అని తెలుగులో రాసున్న కాగితం చేతులు మారింది. నమ్మబుద్ధి కాకపోతే సభ అయ్యాక ఆల్బం చూపిస్తాను.

మరి మన మాటేమిటి? స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ల దాకా మనమూ రాజు బొమ్మతోనే బేరాలాడాం. రాజు స్థానంలో గాంధీ బొమ్మ పెడదామని మొదట అనుకుని నమూనాలు కూడా తయారుచేశారు. చివరికి సారనాథ్ సింహాల దగ్గర ఏకాభిప్రాయం కుదిరింది. ఆ సింహాలు ముందుగా ఎక్కింది ఏ నోటు మీదనుకున్నారు? 1949లో వచ్చిన ఒక్క రూపాయి నోటు మీద. పెద్ద నోట్లకు 1950 దాకా ఆగాలి. స్వతంత్ర భారతం గుర్తు మొట్టమొదట చేరింది రోజుకూలీ జేబులోకి.

కాలేజీ పిల్లలకు ఒక మాట. హైదరాబాదు రాజ్యం సొంత హాలీ నోట్ల మీద కూడా తెలుగు ఉండేది. ఇన్ని నోట్ల మీద తెలుగు ఉంది. అయినా ముసలమ్మ నోటు చెల్లలేదు. అక్షరం మనదైనంత మాత్రాన డబ్బు మనది కాదు. నోటు ఎక్కడ చెల్లుతుందో తేల్చేది భాష కాదు, దాని బాకీ ఎవరు మోస్తారన్నది. ముద్ర కొట్టడమంటే బాకీలు పంచుకోవడం. ఈ కాగితానికి జవాబుదారీ మేము, ఆ కాగితానికి మీరు అని అన్నదమ్ములు గోడ కట్టుకోవడం. ముసలమ్మ ప్రశ్నకు ఇది బ్యాంకువాడి జవాబు. నిజమే గానీ, సగం జవాబు.

4. రంగం డబ్బు

మిగతా సగం మన రేవుల్లో ఉంది. మనవాళ్లు రంగూన్ అనేవారు కాదు, రంగం అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, బారువ రేవుల నుంచి స్టీమరెక్కి రంగం పోయేవారు. మేస్త్రీ ఇచ్చిన బయానా మీద పోయినవాళ్లు కొందరు, అన్నదమ్ములు రమ్మంటే పోయినవాళ్లు కొందరు. రేవులో బియ్యం బస్తాలు మోశారు, మిల్లుల్లో వడ్లు ఆడించారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అక్కడివాళ్లు మనవాళ్లను కోరంగీలు అన్నారు, గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద. ఆ రేవును 1839 తుపాను తుడిచిపెట్టేసింది. రేవు పోయి వందేళ్లయినా పేరు రంగంలో చెల్లుతూనే ఉంది.

అక్కడ సంపాదించింది ఇక్కడికి మనియార్డరుగా వచ్చేది. ఆ డబ్బుతో చెక్క కొన్నారు, మడి కొన్నారు, చెల్లెలి పెళ్లి చేశారు. బర్మా టేకు తలుపుల ఇళ్లు ఈ జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఏడాదికోసారి వచ్చిపోయే రూపాయికి అప్పటిదాకా సరిహద్దు లేదు. 1937 ముద్ర ఆ రూపాయి మీద మొదటిసారి గీత గీసింది.

మనుషుల మీద గీత అంతకు ముందే పడింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తేలాక పాతవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకున్నారు, కొత్తవాళ్లు పోవలసివచ్చింది. నెత్తురు పారింది. ఇద్దరూ బీదవాళ్లే, ఇద్దరి ఆకలీ ఒకటే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మార్చికల్లా నగరం జపాను చేతిలో ఉంది. లక్షల మంది అరకాన్ దారినా, మణిపూరు కొండల దారినా నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోగా వచ్చినవాళ్ల మొలల్లో నోట్లున్నాయి, ఇక్కడ చెల్లని నోట్లు.

ఉండిపోయినవాళ్లకు జపాను నోట్లు దక్కాయి. రూపాయి అనే రాసుంటుంది గానీ ఇచ్చేది జపాను ప్రభుత్వం. 1945లో తెల్లవాళ్లు తిరిగి వచ్చి ఆ నోట్లు చెల్లవన్నారు. మూడేళ్ల కూలి మూడు మాటల్లో పోయింది. అంతటితో అయిందా అంటే, లేదు. బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం 1964 మే 17న 50, 100 చాట్ నోట్లను రద్దు చేసింది. అప్పటికే దుకాణాలు జాతీయం చేశారు. మనవాళ్లు మళ్లీ ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు వినే ఉంటారు. అది ఆ ఓడల్లోంచి దిగినవాళ్ల పేటే.

బర్మావాళ్ల స్వాతంత్ర్యం న్యాయమైనదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక దేశం తన ఇంటికి గోడ కట్టుకున్నప్పుడల్లా, ఆ గోడ ఎవరి చెమట మధ్య నుంచి పోయిందో చూడాలి. ఆల్బంలో అయితే ముసలమ్మ నోటు ‘బర్మా’ పేజీలో ఉంటుంది. దాని బతుకు మాత్రం ఉత్తరాంధ్ర ట్రంకు పెట్టెలో గడిచింది. అందుకే సంధికాలపు నోటును దేశం పేరుతో చదివితే చాలదు, అది దాటలేకపోయిన గీతతో చదవాలంటాను. ఈవేళ నేను చెప్పదలచుకున్న ఒక్క మాట ఇదే.

5. అరుదు వేరు, విలువ వేరు

సేకరణ మొదలుపెట్టిన పిల్లలు నన్ను తరచు అడిగేది, “సార్, దీనికెంతొస్తుంది?” అని. తప్పులేదు. నేనూ క్యాషియర్నే. సంతలో లెక్క ఇది. జపాను వారి బర్మా నోట్లు గుట్టలుగా అచ్చయ్యాయి, ఇప్పటికీ చౌకగా దొరుకుతాయి. మడత పడని 1948 నాటి పాకిస్తాన్ వంద రూపాయల నోటు ఎదురైతే మాత్రం వేలంపాటలో చెమటలు పడతాయి. ఒక కాగితం ఎక్కువ మిగిలింది, ఒకటి తక్కువ మిగిలింది. అంతకు మించి ఆ ధర ఏమీ చెప్పదు. గుట్టలుగా మిగిలిన జపాను నోటే మనవాళ్లను ఎక్కువ మందిని ముంచింది. చాలామంది మునిగారు గనకే అది చౌక.

ఇంకో జాగ్రత్త. మామూలు జార్జి నోటుకన్నా ముద్ర ఉన్న నోటుకు ధర ఎక్కువ. అందుకని మంచి పాత నోటు కొని దాని మీద దొంగ ముద్ర కొట్టేవాళ్లు పుట్టారు. కాగితం అసలుదే, బొమ్మ అసలుదే, అబద్ధం ఆ ఒక్క పంక్తిలో. భూతద్దంతో చూడండి. ముద్ర సిరా నోటు మడతల పగుళ్లలోకి దిగి ఉంటే అనుమానించండి. మడత పడిన తరవాత కొట్టిన ముద్ర అది. అసలైతే ముద్ర ముందు, మడత తరవాత. మాస్టారు చెప్పిన ఈ ఒక్క కిటుకు నన్ను రెండుసార్లు కాపాడింది. మూడోసారి తొందరపడి మోసపోయాను, అది వేరే కథ.

మూడో మాట చేతులెత్తి చెబుతున్నాను. పాత నోట్లను కడగకండి, ఇస్త్రీ చేయకండి. కడిగితే సిరా పోవడమే కాదు, మరక పోతుంది. నోటు మీది నూనె మరక, గుండుసూది రంధ్రం, నాలుగు మడతలు, ఇవి చెప్పేది ఏ కేటలాగులోనూ ఉండదు. నాలుగు మడతల నోటు పర్సులో పెట్టింది కాదు, మొలలో దోపింది.

ఇదంతా గతమని అనుకోకండి. 1971 యుద్ధం తరవాత బంగ్లాదేశ్ పుట్టింది. దాని మొదటి నోట్లు 1972 మార్చిలో వచ్చాయి. అచ్చయింది మన నాసిక్‌లోనే. దేశాలు పుడుతూనే ఉంటాయి, ముద్రలు పడుతూనే ఉంటాయి. గీతకు ఇవతల ఒకడు మిగిలిపోతూనే ఉంటాడు.

6. కార్డు

ముసలమ్మ దగ్గరికి తిరిగి వెళ్దాం. చీకటి పడుతోంది, ఆవిడకు బస్సు పోతుంది. మాస్టారు నోటు కొంటారనుకున్నాను. ఆయన సంగ్రహంలో అలాంటిది లేదని నాకు తెలుసు. ఆయన కొనలేదు. “అమ్మా, ఇది ఇక్కడ ఎందుకు చెల్లదో తెలుసా? నీ పెనిమిటి సముద్రానికి అవతల పని చేశాడు, నువ్వు ఇవతల ఉన్నావు. మధ్యలో దొరలు గీత గీశారు. అక్షరాలు గీత దాటాయి, డబ్బు దాటలేకపోయింది” అన్నారు. ఆవిడ కాసేపు ఆలోచించి, “మడిసి దాటొచ్చినాడు గదా, సాలు” అంది.

అప్పుడు మాస్టారు పెట్టెలోంచి ఒక అట్ట ముక్క తీశారు. ప్రతి నోటుకూ ఆయన ఒక కార్డు రాసేవారు. ఆ కార్డు నోటుతోపాటు ఆవిడకే ఇచ్చేశారు. ఏ రేవులో ఎక్కాడు, ఏ ఏడు తిరిగొచ్చాడు, ఏం పని చేశాడు, నోటు ఎక్కడ దాచాడు అని ఒక్కొక్కటీ అడిగి రాస్తుంటే మనవడు నోరు తెరుచుకుని విన్నాడు. తాత గురించి వాడికి అందులో సగం తెలియదు. చివరి గడి ‘విలువ’. నేను కేటలాగు కోసం లేవబోయాను. మాస్టారు చేత్తో వారించి, “పది రూపాయలు సంపాదించడానికి ఆయనకు ఎన్నాళ్లు పట్టేదమ్మా?” అని అడిగారు. “వారం దినాలు బస్తాలు మోస్తే అని సెప్పీవోడు” అంది.

మిత్రులారా, ఈ నిధి తరఫున చిన్న పని ఒకటి మొదలుపెడుతున్నాం. తలుపు దగ్గర బల్ల మీద ఖాళీ కార్డులున్నాయి. మీ ఇళ్లలో రంగం పెట్టె ఉంటే, అందులో నోటో, మనియార్డరు రసీదో, ఓడ టిక్కెట్టో ఉంటే, అది మాకివ్వక్కర్లేదు. మీ దగ్గరే ఉంచుకుని కార్డు నింపండి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే నింపండి. చివరి గడి ఎలా నింపాలో తెలియకపోతే, మాస్టారు ఆ రోజు నింపిన గడిని నమూనాగా కార్డు వెనక అచ్చు వేయించాం. అందులో ఇలా ఉంటుంది. విలువ: వారం రోజుల బస్తాల మోత.